ప్రొజెక్టర్ వెనకాల నిలబడిన రోజులు

సైన్స్ ఉపన్యాసం అని బోర్డు పెడితే ఎవరెవరొస్తారో అప్పట్లో నాకు ముఖాలతో సహా తెలుసు. ముందు వరుసలో రిటైరైన మాస్టర్లు, వాళ్ల వెనక నోటుబుక్కులు పట్టుకున్న నలుగురైదుగురు పిల్లలు, ఆ పిల్లల్ని లాక్కొచ్చిన తల్లిదండ్రులు, చివరి వరుసలో ఫ్యాను కింద కునికిపాట్లు పడేవాళ్లు. ప్రశ్నలడిగేది ప్రతిసారీ ఒకే పెద్దమనిషి. అవి ప్రశ్నలు కూడా కావు, ఆయన సొంత ఉపన్యాసాలు. వక్త పాపం మర్యాదగా తల ఊపేవాడు.

నా పని హాలు చూసుకోవడం. కుర్చీలు వేయించడం, మైకు సరిచేయడం, ప్రొజెక్టర్ నడపడం. మాట్లాడేవాళ్ల ముఖాల కన్నా వినేవాళ్ల వీపులే ఎక్కువ చూశాను. వీపుల్ని బట్టి చాలా తెలుస్తుంది. ఆసక్తి పోయినవాడు ముందు కుర్చీలో కిందికి జారతాడు, తర్వాత తల పక్కకి తిప్పుతాడు, ఆ తర్వాత విప్పేసిన చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంటాడు. అక్కడితో సైన్స్ అయిపోయినట్టే.

సైన్స్ అంటే ఆమడ దూరం జరిగేవాళ్లని బొమ్మలతోనో సినిమాలతోనో ఎలా దగ్గరికి రప్పించాలా అని ఈమధ్య పెద్ద పెద్ద సభలే పెడుతున్నారు. ఆ చర్చలు విన్నప్పుడల్లా నాకు ఆ హాలూ, అక్కడ జరిగిన గొడవలూ గుర్తొస్తాయి.

16 ఎంఎం రీళ్లు గుండ్రటి రేకు డబ్బాల్లో వచ్చేవి. పాతవైతే మూత తీయగానే పుల్లటి వాసన కొట్టేది. ఫిల్మ్‌ని పళ్ల చక్రాల మీదుగా తిప్పి, గేటుకి, అంటే ఫిల్మ్ మీద వెలుతురు పడే చిన్న కిటికీకి, పైన ఒక లూపు, కింద ఒక లూపు వదులుగా ఉంచాలి. గేటు దగ్గర ఫిల్మ్ ఆగుతూ ఆగుతూ కదులుతుంది, చక్రాలేమో ఆగకుండా తిరుగుతాయి. ఆ తేడాని సర్దేది ఆ రెండు లూపులే. లూపు చిన్నదైతే తెర మీద బొమ్మ వణుకుతుంది, ఇంకా బిగిస్తే ఫిల్మ్ ఫట్‌మని తెగుతుంది. నాకెప్పుడూ కాస్త టెన్షన్‌గానే ఉండేది. జనానికి మాత్రం ఈ తతంగం మహా ఇష్టం. షో మొదలయ్యేలోపు నా చుట్టూ గుంపు కట్టేవాళ్లు. ఉపన్యాసాలప్పుడు కుర్చీలు నిండని హాల్లో, ప్రొజెక్టర్ దగ్గర నిలబడడానికి చోటుండేది కాదు.

ఒకసారి పువ్వు విచ్చుకునే చిన్న ఫిల్మ్ వేశాం. మొగ్గ మెల్లగా తల తిప్పి, రేకులు ఒక్కొక్కటే వెనక్కి వాలి, పువ్వంతా ఒళ్లు విరుచుకున్నట్టు తెరుచుకుంటుంది. వెలుతురు రాగానే లిఫ్టు నడిపే కుర్రాడు లేచి, "ఇది నిజం పువ్వా సార్, గీసిన బొమ్మలా?" అని అడిగాడు. ఆ హాల్లో నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. జవాబు ఎవరూ చెప్పలేదు, బోర్డు మీద లెక్క వేయించారు. పువ్వు విచ్చుకోవడానికి రెండు రోజులు పట్టిందనుకుందాం. అంటే 48 గంటలు. 10 నిమిషాలకొక ఫొటో తీస్తే గంటకి 6, మొత్తం 288. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు వెళ్లిపోతాయి. 288ని 24తో భాగిస్తే 12. రెండు రోజుల వ్యవహారం 12 సెకన్లలో అయిపోయింది. లెక్కలంటే పారిపోయానని తనే చెప్పుకునే ఆ కుర్రాడు వెంటనే, "మరి రాత్రి లైటు ఎవరు వేశారు?" అన్నాడు. నిజమే, చీకట్లో ఫొటో పడదు కదా! ఫ్రేము తీసే ప్రతిసారీ ఒకే వెలుతురు పడాలి, లేకపోతే తెర మీద పువ్వు మిణుకుమిణుకుమంటుంది.

ఆ పని 1910లోనే చేసి చూపించినాయన పెర్సీ స్మిత్. లండన్‌లో విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా. పువ్వులు విచ్చుకోవడం మీద ఆయన తీసిన ఫిల్మ్ జనాన్ని విరగబడి చూసేలా చేసింది. దానికి ఏడేళ్ల ముందే, 1903లో, అదే ఊళ్లో అల్‌హాంబ్రా అనే మ్యూజిక్ హాల్లో మైక్రోస్కోప్ ఫిల్ములు వేశారు. పాటలూ, డ్యాన్సులూ, గారడీలూ చూడ్డానికి టికెట్ కొన్నవాళ్లకి మధ్యలో చీజ్ మీద పాకే నలుసుల్లాంటి పురుగులు తెర నిండా కనిపించాయి. తీసినాయన మార్టిన్ డంకన్, తీయించింది చార్లెస్ అర్బన్ అనే నిర్మాత. సైన్స్ సినిమా జనానికి పరిచయమైంది క్లాసురూములో కాదు, గారడీవాళ్ల మధ్య. ఈ సంగతి తెలిసిన రోజు నుంచీ "సైన్స్‌ని వినోదం చేసేస్తున్నారు" అని ఎవరైనా బాధపడితే నాకు నవ్వొస్తుంది.

మా హాలుకి అసలు కళ తెచ్చింది బొమ్మల మాస్టారు. పత్రికలకి బొమ్మలు వేసేవారు. సైన్స్‌తో చుట్టరికం లేదు. పోస్టర్ వేయించుకుందామని పిలిస్తే వచ్చి, ఇక వెళ్లలేదు. షో జరుగుతుంటే నా పక్కకొచ్చి, "ఏమోయ్, ఆ సౌండు ఆపేయ్. వాడు చెప్పేస్తుంటే వీళ్లింకేం చూస్తారు?" అనేవారు. కామెంటరీ లేకుండా ఫిల్మ్ వేయడమంటే జీవశాస్త్రం మేడమ్‌కి గుండె దడ. "తప్పుగా అర్థం చేసుకుంటారండీ," అనేవారావిడ. "చేసుకోనివ్వండమ్మా, అప్పుడే కదా అడుగుతారు," అనేవారు మాస్టారు. వాల్యూమ్ నాబ్ నా చేతిలో. ఇద్దరూ నన్నే చూసేవాళ్లు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. మొదటిసారి మూగగా వేయాలి, తర్వాత జనం మాట్లాడాలి, ఆ తర్వాత మాటలతో మళ్లీ వేయాలి.

ఆ పద్ధతి ఎంత బాగా పనిచేసిందో సముద్రపు గుర్రాల ఫిల్మ్ రోజు తెలిసింది. గుర్రం తలలాంటి తల ఉండే చిన్న చేపలవి, సీహార్స్ అంటారు. ఫ్రెంచి దర్శకుడు జాన్ పాన్‌లెవే 1934లో పూర్తిచేసిన చిన్న ఫిల్మ్ అది. కెమెరాని నీళ్లు చొరబడని పెట్టెలో పెట్టి సముద్రంలో దింపాడు, కొంత అక్వేరియంలో తీశాడు. వాళ్ల నాన్న పాల్ పాన్‌లెవే గణిత శాస్త్రవేత్త, ఫ్రాన్స్ ప్రధానమంత్రిగా కూడా చేశాడు. కొడుకు మాత్రం ఒకవైపు కలల్లాంటి వింత బొమ్మలు వేసే సర్రియలిస్టు చిత్రకారులతో, కవులతో తిరుగుతూ, ఇంకోవైపు రొయ్యలూ పీతలూ చూస్తూ గడిపాడు. ఆ ఫిల్మ్‌లో ఒక సముద్రపు గుర్రం పొట్ట ముడుచుకుంటూ, వంగుతూ, మెలికలు తిరుగుతూ నానా అవస్థా పడుతుంది. కాసేపటికి పొట్ట దగ్గరున్న సంచి నోట్లోంచి వెంట్రుకల్లాంటి పిల్లలు గుప్పుగుప్పున బయటికొస్తాయి. మా హాల్లో ఆ సమయానికి ముగ్గురు పిల్లల తల్లి ఒకావిడ, కొడుకుని తీసుకెళ్దామని వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. వెలుతురు రాగానే, "అయ్యో, ఎంత కష్టపడిందో తల్లి!" అంది. మేడమ్ నెమ్మదిగా, "అది తల్లి కాదండీ, తండ్రి," అన్నారు. హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. "అయితే గుడ్లెవరివి?" అని నిలదీసింది.

గుడ్లు ఆడదానివే. తీసుకెళ్లి మగదాని సంచిలో పెడుతుంది. అక్కడే అవి ఫలదీకరణం చెందుతాయి, వాటికి కావలసిన ఆక్సిజన్ అందించడం, లోపలి ఉప్పు శాతం సరిచూడడం అంతా తండ్రి ఒంటి పనే. ఆవిడ ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. ఆ పిల్లాణ్ణి ఆ తర్వాత పంపడం మానేసి తనే రావడం మొదలుపెట్టింది. కామెంటరీతో మొదటిసారే వేసి ఉంటే, "మగ సముద్రపు గుర్రం ప్రసవిస్తుంది" అని ఓ వాక్యం వినేసి, ఔనా అనుకుని వెళ్లిపోయేది. తల్లి అనుకుని జాలిపడ్డాక తండ్రి అని తెలియడం వేరు.

బొమ్మలు గీయించే ఆదివారాలు తర్వాత మొదలయ్యాయి. మాస్టారి ఆలోచనే. ఒంటి గొట్టం మైక్రోస్కోపులు వరసగా పెట్టి, పక్కన కాగితం, పెన్సిల్. ఎడమ కన్ను గొట్టం మీద, కుడి కన్ను కాగితం మీద. రెండు కళ్లూ తెరిచే ఉంచాలి. మొదట ఏమీ కుదరదు, తలనొప్పి వస్తుంది. కాసేపటికి మెదడు ఆ రెండు దృశ్యాల్నీ ఒకదాని మీద ఒకటి పరుస్తుంది, కాగితం మీదే ఆ వస్తువు తేలుతున్నట్టు కనిపిస్తుంది. దాని వెంబడి పెన్సిల్ పోనిస్తే సరి.

ఒక ఆదివారం తూనీగ రెక్క పెట్టారు. వచ్చినవాళ్లలో ఒక టైలర్ గారు ఉన్నారు. చదువు పెద్దగా లేదని వచ్చీ రాగానే చెప్పి, ఓ మూల బల్ల దగ్గర కూర్చున్నారు. మిగతావాళ్లు రెక్క ఆకారం గీసి లోపల చేపల వలలాగా అడ్డదిడ్డంగా గీతలు నింపేశారు. ఈయన మాత్రం పైఅంచు దగ్గరే చాలాసేపు ఆగిపోయారు. మాస్టారు వెళ్లి, "ఏంటండీ, అక్కడే ఉండిపోయారు?" అంటే, "ఈ అంచు చూడండి సార్, లోపల కాన్వాసు వేసి కుట్టిన కాలర్‌లా ఉంది. గళ్లన్నీ నాలుగు పలకలు. వెనక అంచుకొచ్చేసరికి ఐదు పలకలు, ఆరు పలకలు. అక్కడ బట్ట వదిలేశాడు," అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. రెక్క చదునుగా లేదట, కుచ్చిళ్లు పెట్టినట్టు ఎత్తూ పల్లం ఉందట.

మేడమ్ లేచొచ్చి ఆ కాగితం చూశారు. తూనీగ రెక్కలో ముందంచు గాలిని చీల్చాలి కాబట్టి గట్టిగా ఉంటుంది, వెనక భాగం వంగాలి కాబట్టి మెత్తగా ఉంటుంది. ఆ ముడతల వల్లే అంత పల్చటి పొర విరక్కుండా నిలబడుతుంది. రెక్క కొస దగ్గర చిన్న ముదురు మచ్చ ఉంటుంది. దాని బరువు వల్ల తేలుతూ పోయేటప్పుడు రెక్క అదరకుండా ఉంటుంది. ఆ మచ్చ కూడా టైలర్ గారి బొమ్మలో ఉంది. ఆవిడ చెబుతున్నంతసేపూ ఆయన "ఔను, అలాగే ఉండాలి" అన్నట్టు తల ఊపుతూ ఉన్నారు. కొత్త విషయం నేర్చుకుంటున్నవాడిలా లేరు, తన పనిని తనతో సమానంగా తెలిసిన మనిషి దొరికినట్టున్నారు. సైన్స్‌ని జనం స్థాయికి దించాలి అనే మాట ఎక్కడ విన్నా నాకు మంట పుడుతుంది. ఆ రోజు మేడమ్ దేన్నీ దించలేదు.

నాడీకణాల్ని గీసిన స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ సంగతి ఆవిడే చెప్పారు. చిన్నప్పుడు చిత్రకారుడవుదామనుకుంటే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే తండ్రి పడనివ్వలేదు, డాక్టర్‌ని చేశాడు. గీసే చెయ్యి మాత్రం ఊరుకోలేదు. ఇటలీ శాస్త్రవేత్త గోల్గీ కనిపెట్టిన రంగు పద్ధతితోనే మెదడు ముక్కలకి రంగు పట్టించి, నాడీకణాల్ని వందలకొద్దీ బొమ్మలు గీశాడు. గోల్గీకేమో నాడులన్నీ ఒకదాన్నొకటి అతుక్కున్న వలలా కనిపించాయి. కహాల్‌కి విడివిడి కణాలుగా కనిపించాయి. పద్ధతి ఒకటే, 1906 నోబెల్ బహుమతి కూడా ఇద్దరికీ కలిపే ఇచ్చారు, అయినా వేదిక మీద కూడా ఎవరి మాట వాళ్లదే. చివరికి కహాల్ మాటే నిలబడింది.

చందమామది ఇంకా మంచి కథ. 1609 వేసవిలో ఇంగ్లండ్‌లో థామస్ హ్యారియట్ టెలిస్కోపులోంచి చంద్రుణ్ణి చూసి గీశాడు. గెలీలియో కన్నా కొన్ని నెలలు ముందు. ఆ బొమ్మలో వెలుగూ చీకటీ కలిసే గీత వంకరటింకరగా ఉంది, అంతే. అదెందుకలా ఉందో దానిలో లేదు. గెలీలియోకి వెలుగునీడలు వేయడం తెలుసు, చిత్రకారులతో స్నేహం ఉంది. ఆ వంకర గీత కొండల నీడలదని అతనికి అర్థమైంది, సిరా పల్చగా పూసి గుంటలూ గట్లూ కనిపించేలా గీశాడు. 1610లో ఆ బొమ్మలు అచ్చయ్యాక హ్యారియట్ మళ్లీ చంద్రుణ్ణి గీస్తే, ఈసారి అందులోనూ గుంటలొచ్చాయి! గెలీలియో స్నేహితుడు చిగోలి రోమ్‌లో ఒక చర్చి గోపురం లోపల మేరీమాత కాళ్ల కింద చంద్రుణ్ణి ఆ గుంటలతోనే చిత్రించాడు. ప్రార్థనకి వచ్చి తలెత్తి చూసినవాళ్లకి, టెలిస్కోపు అంటే ఏమిటో తెలియకపోయినా, చంద్రుడు నునుపు కాదని తెలిసిపోయింది. మా మాస్టారికి ఈ కథ ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత ఎవరితో వాదన వచ్చినా, "మీ గెలీలియో కూడా మా వాడేనండీ" అనేవారు.

అన్నీ ఇలా సుఖంగా జరగలేదు. రంగుల దగ్గర పెద్ద తగవే వచ్చింది. వైరస్ బొమ్మ వేయాలి. మాస్టారు బూడిద రంగు బంతి, దాని మీద ఎర్ర ముళ్లు వేశారు. మేడమ్ ఒప్పుకోలేదు. అసలు దానికి రంగే లేదు. మన కంటికి కనిపించే కాంతి అలల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. చాలా వైరస్‌లు అందులో నాలుగో వంతు కూడా ఉండవు, అంత చిన్నదాని మీద మన కంటికి తెలిసే రంగు అంటూ ఉండదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలు నలుపు తెలుపులే, రంగులన్నీ మనం అద్దినవే. "రంగు లేనిదాన్ని రంగు లేకుండా ఎలా గీయమంటారమ్మా?" అని మాస్టారు. ఇందులో ఇద్దరి మాటా సబబే. అమెరికాలో డేవిడ్ గుడ్‌సెల్ అనే శాస్త్రవేత్త కణం లోపలి దృశ్యాల్ని వాటర్ కలర్స్‌లో వేస్తారు. ప్రొటీన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి, సైజులు, ఆకారాలు ప్రయోగాల్లో తేలినవే, రంగులు మాత్రం ఆయన ఇష్టం. మా బొమ్మ కింద చివరికి "రంగులు చిత్రకారుడివి" అని ఒక వరుస రాయించారు. చూసినవాళ్లలో చాలామంది బొమ్మ కన్నా ఆ వరుస దగ్గరే ఆగి, అదేమిటని అడిగేవారు.

అసలు చిరాకేసేది వేరే రకం జనంతో. రేపు ప్రారంభోత్సవం అనగా ఈ రోజు సాయంత్రం మాస్టారికి కబురొచ్చేది. మొత్తం తయారైపోయింది, కాస్త కలర్‌ఫుల్‌గా చేయండి అని. ఏం చూపించాలో, ఎందుకు చూపించాలో నిర్ణయించేటప్పుడు పిలవరు. అయిపోయాక రంగు పూయడానికి పిలుస్తారు. ఇప్పుడు నాలుగు గోడల మీదా గెలాక్సీలు తిప్పి, పెద్ద సౌండు పెట్టి, జనం సెల్ఫీలు దిగి వెళ్లిపోయే షోలు చూస్తుంటే అదే గుర్తొస్తుంది. ఎంతమంది వచ్చారో లెక్క రాసుకుంటారు. ఏమడిగారో ఎవరూ రాసుకోరు.

సినిమావాళ్ల దగ్గర్నుంచి సైన్స్ తీసుకున్నదీ ఉంది. రాకెట్ వదిలేముందు వెనక్కి లెక్కపెట్టడం 1929లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన చంద్రయానం సినిమాలో ఉత్కంఠ కోసం వాడుకున్న చిట్కా. రాకెట్ శాస్త్రవేత్త హెర్మన్ ఓబెర్త్ ఆ సినిమాకి సలహాదారు. ఈ సంగతి చెప్తే మా ప్రేక్షకులు చప్పట్లు కొట్టేవారు.

మాస్టారూ, నేనూ ఇద్దరం ఉద్యోగాలు మానేశాక కలిసి చూసిన సినిమా 'ఇంటర్‌స్టెల్లార్'. 2014లో వచ్చింది. అందులో కృష్ణబిలం, అదే బ్లాక్‌హోల్, చూసి ఆయన సీట్లో ముందుకి జరిగారు. నేను తెర మానేసి ఆయన వీపు చూశాను, పాత అలవాటు. దాని వెనక భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ ఇచ్చిన సమీకరణాలున్నాయి. గ్రాఫిక్స్ బృందం వాటితో కాంతి కిరణాలు ఎలా వంగుతాయో లెక్కకట్టింది. కొన్ని ఫ్రేములకి ఒక్కొక్కదానికే 100 గంటల దాకా పట్టింది. ఆ పని మీద 2015లో ఒక భౌతిక శాస్త్ర పత్రికలో పరిశోధన పేపరు కూడా వచ్చింది. ఇంటికొచ్చేటప్పుడు ఆయనకి 1979 నాటి కృష్ణబిలం బొమ్మ గురించి చెప్పాను. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ పియెర్ లూమినే పంచ్ కార్డుల కంప్యూటర్‌తో లెక్కలు వేసి, తెర మీద చూపించే సదుపాయం లేక, ఇండియా ఇంకుతో చుక్కలు పెట్టుకుంటూ చేత్తో గీశాడు. "చుక్కలా!" అన్నారు మాస్టారు. అంతే, దాని ప్రింటు సంపాదించే దాకా నన్ను వదల్లేదు.

2019 ఏప్రిల్ 10న నిజం కృష్ణబిలం ఫొటో విడుదలైంది. 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎం87 గెలాక్సీ నడిమధ్యన ఉన్నది. ఆ రాత్రే ఆయన నుంచి ఫోన్.

"ఏమోయ్, ఈ ఫొటోలో కింది వైపే ఎందుకంత వెలుగు?"

"అటువైపు వాయువు మనవైపు తిరుగుతూ వస్తోంది మాస్టారూ. అంత వేగంతో ఎదురొచ్చేదాని వెలుగు ఎక్కువగా కనిపిస్తుంది. అవతలి వైపు మన నుంచి దూరంగా పోతోంది, అందుకే మసక."

"లూమినే చుక్కల్లో కూడా ఒక పక్కే కదా వెలుగు?"

"అవును, ఆయన అది లెక్కలో వేశాడు."

"మరి మనం చూసిన సినిమాలో రెండు పక్కలా ఒకేలా ఉంది?"

ప్రేక్షకులు తికమకపడతారని ఆ తేడా కావాలనే తీసేశారని, ఆ సంగతి పేపరులో వాళ్లే రాసుకున్నారని చెప్పాను. కాసేపు విని, "తికమకపడితే ఏం పోయింది? అడిగేవాళ్లు కదా! మీ మేడమ్ ఫోన్ నంబర్ ఉందా నీ దగ్గర? ఆవిడేమంటారో కనుక్కోవాలి," అన్నారు.